కొండ తవ్విన వాళ్లే మట్టిని ఆపాలి

బళ్లారి: సండూరు నుంచి హొసపేట వైపు ఖనిజం లారీల వెనకాల పది నిమిషాలు బండి మీద వెళ్తే చాలు.. చొక్కా రంగు మారిపోతుంది. రోడ్డు పక్క చెట్లు, ఇళ్ల గోడలు అన్నీ ఎరుపే. చైనాకు ఎగుమతులు జోరుగా సాగిన రోజులతో పోలిస్తే ఇది తక్కువే. తక్కువే గానీ, పోలేదు.

అక్రమ తవ్వకాలపై లోకాయుక్త నివేదిక 2011 జులైలో వచ్చింది. అదే నెల 29న బళ్లారి జిల్లాలో సుప్రీంకోర్టు తవ్వకాలు ఆపించింది. 2013 ఏప్రిల్ 18 నాటి తీర్పులో 'సి' వర్గం లీజులు రద్దయ్యాయి. 'బి' వర్గం వాళ్లు హద్దు దాటి తవ్విన హెక్టారుకు రూ.5 కోట్లు, హద్దు దాటి మట్టి పోసిన హెక్టారుకు రూ.కోటి చొప్పున కట్టాలని తేలింది.

డబ్బు కట్టేస్తే అయిపోలేదు. పునరుద్ధరణ పనులూ యజమానులవే. డంపు అడుగున రాతి గోడ, చుట్టూ వాన నీటి కాలువ, వాగుల మీద చెక్‌డ్యాములు, వాలు మీద కొబ్బరి పీచు చాపలు పరిచి మొక్కలు. డంపు అంటే ఖనిజం కోసం పక్కకు తోసేసిన వదులు మట్టే కదా! నాలుగు పెద్ద వానలు పడితే వాగులోకి, అక్కణ్నుంచి చెరువులోకి, పొలంలోకి దిగుతుంది. గోడ వెనక పేరుకున్న పూడికను ఏటా వానలకు ముందే తీయాలి. లేదంటే మరుసటి ఏడు గోడ మీంచే పొర్లుతుంది. తనిఖీకి వచ్చే వాళ్లు గోడను కాదు, దాని వెనక్కి వెళ్లి చూడాలి.

తుంగభద్ర జలాశయం సామర్థ్యం 1953లో 132 టీఎంసీలు దాటి ఉండేది. 2016 సర్వేలో 105 టీఎంసీల చిల్లరే తేలింది. ఆ పూడికంతా గనులదే అనలేం. అయినా హెచ్చెల్సీ, ఎల్లెల్సీ నీళ్లు తాగే అనంతపురం, కర్నూలు పొలాలకూ ఈ కొండల మట్టితో పని ఉంది.

కాంట్రాక్టు కూలీ అయితే?

గట్టి నేలలోనైనా తవ్వకం మెట్లు మెట్లుగా సాగాలి. మెట్టు ఎత్తు 6 మీటర్లు మించాలంటే గనుల భద్రత అధికారుల అనుమతి ఉండాలి. అంచు కింద తొలిచి వదిలేస్తే పై రాయి ఎవరి మీద పడుతుందో చెప్పలేం. 'వాళ్లు కాంట్రాక్టరు మనుషులండీ' అంటూ చేతులు దులుపుకోవడానికి చట్టం ఒప్పుకోదు. 1952 నాటి గనుల చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి కొత్త కోడ్ వచ్చింది. నిర్దేశించిన కార్మికులకు ఏటా ఉచితంగా వైద్య పరీక్షలు చేయించాలని అందులో ఉంది. గనికి వెళ్లే మన వాళ్లలో ఈ సంగతి తెలిసిన వాళ్లెందరు?

ప్రజాభిప్రాయ సేకరణ అవసరమైన గనికి కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. పర్యావరణ నివేదిక సారాంశం స్థానిక భాషలోనూ ఉండాలి. ఇక్కడ అది కన్నడమే. మన పెద్దవాళ్లకు కన్నడం మాట్లాడటం వచ్చు, చదవడమే కష్టం. చదువుకున్న పిల్లలెవరైనా సభకు ముందే చదివి వినిపిస్తే.. డంపు ఎక్కడ పోస్తారు, లారీలు ఏ దారిన వెళ్తాయి, రోడ్డు ఎవరు తడుపుతారు అని అక్కడే నిలబెట్టి అడగొచ్చు. చెప్పిన అభ్యంతరాలు రికార్డులోకి ఎక్కాయో లేదో చూసుకున్నాకే ఇంటికి రావాలి.