పిల్లల బంతాటలో పెద్దల పోట్లాట

నిబంధనలు ముందే తెలిస్తే సగం తగవులు ఉండవు

వేరుశనగ పంట ఇల్లు చేరాక అనంతపురం జిల్లా పల్లెల్లో ఖాళీ నేలకు కొదవ ఉండదు. రాళ్ళు ఏరి, నాలుగు కర్రలు పాతి, సున్నంతో గీతలు గీస్తే ఫుట్‌బాల్ మైదానం తయారవుతుంది. పండుగ సెలవుల్లో రెండూళ్ళ పిల్లలకు పోటీ పెడితే చూడటానికి ఊరంతా కదిలి వస్తుంది.

ఆట మొదలైన పావుగంట వరకు అంతా సవ్యంగానే ఉంటుంది. అప్పుడొక గోలు పడుతుంది. రిఫరీ ఈల వేసి ఆఫ్‌సైడ్ అంటాడు, గోలు చెల్లదంటాడు. ఆడుతున్న పిల్లలు ఒక్క క్షణం నిట్టూర్చి వెనక్కి పరుగెత్తుతారు. గీత బయట నిలుచున్న పెద్దలే ఊరుకోరు. "ఏమప్పా, కండ్లు కనపడవా?" అని ఒకరు కేక వేస్తారు. "మా ఊరికి అన్యాయం చేయాలనే వచ్చినావా?" అని మరొకరు అందుకుంటారు. ఇద్దరు ముగ్గురు గీత దాటి లోపలికి వస్తారు. అవతలి ఊరివారూ వస్తారు. ఆట ఆగిపోతుంది. పన్నెండేళ్ళ పిల్లవాడొకడు బంతిని చంకలో పెట్టుకుని, పెద్దల తోపులాట ఎప్పుడు ముగుస్తుందా అని చూస్తూ నిలబడతాడు.

ఇటువంటి గొడవ ఒకసారి జరిగిన ఊళ్ళో మరుసటి ఏడు పోటీ పెట్టడానికి ఎవరూ ముందుకు రారు. ఈల పట్టడానికి డ్రిల్లు మాస్టర్లు ఒప్పుకోరు. ఆడపిల్లలనైతే తల్లిదండ్రులు మైదానం వైపే పంపరు. తగవు పడింది పెద్దలైనా, ఆట పోగొట్టుకునేది పిల్లలే కావడం విచారకరం.

వయసు దగ్గరే మొదటి తగవు

బాలుర పోటీలలో సగం రగడ బంతి తన్నక ముందే మొదలవుతుంది. 14 ఏళ్ళ లోపు పోటీ అని చాటింపు వేస్తే, మీసాలు మొలిచిన కుర్రవాణ్ణి కూడా దించాలని చూసేవారు ఉంటారు. ఇది పల్లెలకే పరిమితమైన జబ్బు కాదు. జాతీయ స్థాయి బాలుర పోటీలలో సైతం ఈ బెడద ఉన్నందునే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య మణికట్టు ఎక్స్‌రే తీయించి ఎముకల వయసు చూసే పద్ధతి పెట్టింది. 1960లో మొదలైన సుబ్రతో కప్ పాఠశాలల పోటీలలో కూడా వయసు మించినవారిని పక్కన పెట్టిన సందర్భాలు ఉన్నాయి.

ఎక్స్‌రేలు పల్లెలో కుదిరే పని కాదు. కాని పాఠశాల రిజిస్టరులోని పుట్టినతేదీ, ప్రధానోపాధ్యాయుడి సంతకంతో బోనఫైడ్ పత్రం తెప్పించుకోవడం కష్టమేమీ కాదు. రెండు జట్ల పత్రాలనూ ముందురోజే ఇరు ఊళ్ళ పెద్దల ఎదుట చూసి, సంతకాలు తీసుకుంటే ఆటనాడు ఆ మాట ఎత్తే అవసరం ఉండదు. పదిహేడేళ్ళవాడు పదమూడేళ్ళవాణ్ణి ఢీకొంటే విరిగేది ఎముక. ఇందులో గెలుపు ఓటముల కంటే ప్రాణభద్రతే ముఖ్యం.

కొలతలు పిల్లలకు తగ్గట్టు

పెద్దల ఆటలో గోలు వెడల్పు 8 గజాలు, ఎత్తు 8 అడుగులు. పదేళ్ళ పిల్లవాణ్ణి దాని మధ్య నిలబెడితే తల మీదుగా పోయే బంతి అతని చేతికి అందదు. అందుకే పిల్లలకు, వయసు మళ్ళినవారికి, దివ్యాంగులకు మైదానం కొలత, బంతి సైజు, గోలు కొలత, ఆట సమయం తగ్గించుకోవచ్చునని అంతర్జాతీయ ఫుట్‌బాల్ నిబంధనలే అనుమతిస్తున్నాయి. ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం తొమ్మిదేసి మంది ఆడే బాలల పోటీకి 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు గల గోలును సూచించింది.

పెద్దలు ఆడే 5వ నంబరు బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు అంతకంటే చిన్నదైన 4వ నంబరు బంతి తగినది. పెద్దలకు సగానికి 45 నిమిషాల చొప్పున ఆట. పిల్లలకు 25 లేదా 30 నిమిషాలు పెట్టుకున్నా చాలు. రెండు సగాలూ సమానంగా ఉండాలి. మన ఎండలకు ఉదయం పూటో, పొద్దు వాలిన తర్వాతో ఆట పెట్టడం మంచిది. మధ్యలో నీళ్ళు తాగించడానికి ఆట ఆపే వీలు నిబంధనలలోనే ఉంది.

గోలు కర్రలు నేలలో గట్టిగా పాతి ఉండాలన్నది మరో కచ్చితమైన నిబంధన. ఇనుప గోళ్ళను ఊరికే నిలబెట్టి వదిలితే, పిల్లలు పట్టుకుని ఊగినప్పుడు మీద పడి ప్రాణాలు పోయే ప్రమాదం ఉంది. పోటీ నిర్వాహకులు ఆట ముందు ఒకసారి చేత్తో ఊపి చూడాలి.

మెడలో గొలుసు, చేతికి కడియం

పల్లె పిల్లల మెడలో వెండి తాయెత్తు, చేతికి కడియం, చెవులకు పోగులు మామూలే. ఆడపిల్లలకు గాజులు, పట్టీలు ఉంటాయి. ఆట నిబంధన ప్రకారం ఏ ఆభరణమూ ఒంటి మీద ఉండరాదు. గుడ్డ చుట్టినా, ప్లాస్టర్ అంటించినా ఒప్పుకోరు. గుంపులో చెయ్యి తగిలితే గొలుసు మెడను కోస్తుంది, పోగు చెవిని చీలుస్తుంది. ఇది ఎవరి నమ్మకానికో వ్యతిరేకం కాదు. ఆట అయిపోయే దాకా తల్లి చేతికి ఇచ్చి, తర్వాత మళ్ళీ వేసుకోవచ్చు.

కాళ్ళకు బూట్లు, మోకాలి కింద ఎముకకు అడ్డుగా షిన్‌గార్డులు ఉండాలన్నది నిబంధన. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టులో చాలామంది వట్టికాళ్ళతో ఆడారు. యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయాకే దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. బూట్లు కొనలేని ఊళ్ళు నేటికీ ఉన్నాయి. అటువంటి చోట ఒక జట్టు బూట్లతోను, మరొక జట్టు వట్టికాళ్ళతోను దిగకుండా చూడటం నిర్వాహకుల బాధ్యత.

తగవులకు మూలం ఈ నాలుగే

మైదానంలో కేకలు పుట్టించే నిబంధనలు ముఖ్యంగా నాలుగు. వీటిని చూసేవారు కూడా తెలుసుకోవాలి.

మొదటిది ఆఫ్‌సైడ్. ఆటగాడు అవతలి జట్టు సగంలో ఉండి, బంతి కంటే ముందు, అవతలి జట్టులో చివరి నుంచి రెండవ ఆటగాడి కంటే కూడా ముందు, గోలుకు దగ్గరగా నిలబడి ఆటలో పాలుపంచుకుంటే అది ఆఫ్‌సైడ్. అయితే చూడవలసింది తోటివాడు బంతిని తన్నిన క్షణాన అతను ఎక్కడ ఉన్నాడన్నది. బంతి అతనికి చేరిన క్షణాన కాదు. గీత బయట ఉన్నవారి చూపు బంతి వెంట పోతుంది. రిఫరీ మాత్రం రెండు చోట్లా చూడాలి. అందుకే ఇద్దరికీ వేర్వేరుగా కనిపిస్తుంది. త్రో, గోల్ కిక్, కార్నర్ కిక్ నుంచి నేరుగా అందుకున్న బంతికి ఆఫ్‌సైడ్ లేదు.

రెండవది చేతి తప్పు. బంతి చేతికి తగిలిన ప్రతిసారీ "హ్యాండ్, హ్యాండ్" అని అరవడం అలవాటైపోయింది. కాని తగిలిన ప్రతిదీ తప్పు కాదు. కావాలని చేత్తో ఆడినా, చెయ్యి అసహజంగా చాచి ఒంటిని వెడల్పు చేసి బంతిని ఆపినా తప్పు.

మూడవది త్రో. రెండు చేతులతో, తల వెనుక నుంచి తల మీదుగా విసరాలి. రెండు పాదాలూ నేలను తాకుతూ గీత మీదో, గీత బయటో ఉండాలి. తప్పుగా విసిరితే త్రో అవతలి జట్టుకు పోతుంది.

నాలుగవది గోలు గీత. బంతి మొత్తం గీత దాటితేనే గోలు. గీత మీద అంగుళం మిగిలి ఉన్నా గోలు కాదు.

పసుపు కార్డు, ఎర్ర కార్డు

1966 ప్రపంచ కప్‌లో ఇంగ్లండు, అర్జెంటీనా జట్ల పోటీకి జర్మన్ రిఫరీ. ఆయన ఎవరిని హెచ్చరించాడో, ఎవరిని పొమ్మన్నాడో భాష తెలియక పెద్ద రభస జరిగింది. ఆ తర్వాత కెన్ ఆస్టన్ అనే ఇంగ్లీషు రిఫరీకి రోడ్డు మీది సిగ్నల్ దీపాలు చూసి ఉపాయం తట్టింది. పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే ఆగు. 1970 మెక్సికో ప్రపంచ కప్‌లో ఈ కార్డులు మొదటిసారి వాడారు. చదువు రానివారికి కూడా అర్థమయ్యే భాష ఇది.

పిల్లల పోటీలలో మరో వెసులుబాటు ఉంది. పసుపు కార్డు పడిన పిల్లవాణ్ణి కొన్ని నిమిషాలు బయట కూర్చోబెట్టి మళ్ళీ ఆడనివ్వవచ్చు. ఆట మొత్తం సమయంలో 10 నుంచి 15 శాతం వరకు ఈ విరామం ఉంటుంది. గంట ఆటకు 6 నుంచి 9 నిమిషాలన్నమాట. కోపం చల్లారడానికి ఆ కాస్త సమయం చాలు. మార్చిన ఆటగాణ్ణి తిరిగి దించే వీలు కూడా పిల్లల పోటీలలో కల్పించుకోవచ్చు. దీనివల్ల బెంచీ మీది పిల్లలందరికీ అవకాశం దక్కుతుంది. అమెరికాలో 1964లో పుట్టిన అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్ ప్రతి పిల్లవాడూ ప్రతి ఆటలో కనీసం సగం సమయం ఆడాలన్న నియమం పెట్టుకుంది.

గీత బయట ఎలా ఉండాలి

కార్డులు ఆటగాళ్ళకే అనుకోవడం పొరపాటు. నోరు జారిన శిక్షకుడికి కూడా 2019 నుంచి రిఫరీ కార్డు చూపవచ్చు. ఇంగ్లండులో తల్లిదండ్రుల తిట్లు భరించలేక రిఫరీలు మానుకుంటూ ఉంటే, అక్కడి సంఘం 2008లో గౌరవ కార్యక్రమం చేపట్టింది. మైదానం పక్కన కొంత దూరంలో తాడు కట్టి, చూసేవారిని దాని వెనుకే నిలబెట్టడం అందులో ఒక భాగం. ఖర్చు లేని ఈ ఉపాయం మన పల్లెలకు చక్కగా సరిపోతుంది. బావి మోకు ఉంటే చాలు.

రిఫరీతో మాట్లాడే పని జట్టు కెప్టెన్‌కే వదలాలి. "సార్, అది ఎందుకు ఇచ్చారు?" అని ఒక్కడు మర్యాదగా అడిగితే జవాబు వస్తుంది. పదిమంది చుట్టుముడితే రిఫరీ భయపడతాడు, భయపడినవాడు మరిన్ని తప్పులు చేస్తాడు. ఆటకు సంబంధించిన విషయాలలో రిఫరీ మాటే తుది మాట. ఆయన పొరపాటు పడవచ్చు. పిల్లలు తన్నిన బంతులు కూడా గురి తప్పుతూనే ఉంటాయి కదా!

"తన్నురా వాణ్ణి", "కాలు విరగ్గొట్టు" వంటి కేకలు తండ్రి నోట విన్న పిల్లవాడు ఆ పనే చేస్తాడు. బాగా ఆడిన అవతలి ఊరి పిల్లవాడికి కూడా చప్పట్లు కొడితే మన ఊరి పరువు తగ్గదు.

తలకు దెబ్బ తగిలితే

తలకు దెబ్బ తగిలి పిల్లవాడు తూలినా, వాంతి చేసుకున్నా, అడిగినదానికి పొంతన లేకుండా చెప్పినా ఆ రోజుకు ఆట మాన్పించి ఆసుపత్రికి తీసుకుపోవాలి. అనుమానం ఉన్నా బయటే కూర్చోబెట్టాలి. సోడా నీళ్ళు మొహాన కొట్టి మళ్ళీ దించడం ప్రాణాంతకం కావచ్చు. చిన్నపిల్లలు తలతో బంతి కొట్టడాన్ని అమెరికా సంఘం 2015లో పదేళ్ళు, అంతకంటే తక్కువ వయసు వారికి నిషేధించింది. ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలకు శిక్షణలో అది నేర్పవద్దని 2020లో ఇంగ్లండు సంఘం సూచించింది.

మాస్టారు నేర్పిన ఆట

క్రమశిక్షణతో ఏమి సాధించవచ్చో తెలుగునాట తెలియనిది కాదు. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల తుది పోటీలో ప్రేక్షకులంతా మన జట్టుకు వ్యతిరేకంగా అరుస్తున్నా, మనవారు దక్షిణ కొరియాపై 2-1తో గెలిచి స్వర్ణం తెచ్చారు. మరుసటి ఏడే రహీం కన్నుమూశారు.

మన జిల్లాలో కూడా రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనంతపురంలో నెలకొల్పిన క్రీడా గ్రామం వల్ల పల్లె బాలబాలికలకు ఈ ఆట దగ్గరైంది. వచ్చిన ఆటను నిలుపుకోవడం ఊరి పెద్దల చేతిలో ఉంది.

అందుకు కావలసింది డబ్బు కాదు. ఆటకు ముందు ఐదు నిమిషాలు రెండు జట్లనూ, ఇరు ఊళ్ళ పెద్దలనూ మధ్య గీత దగ్గర నిలబెట్టి, రిఫరీ చేత ఈ నాలుగు నిబంధనలు చెప్పించాలి. ఆట ముగిశాక ఓడినవారు, గెలిచినవారు చేతులు కలపాలి. ఆ తర్వాత పెద్దలందరూ తాడు వెనక్కి వెళ్ళాలి. బంతిని చంకలో పెట్టుకుని నిలబడిన పిల్లవాడు ఎదురు చూసేది ఆ ఒక్కదాని కోసమే.