గంజాయి దమ్ముతో ఊపిరితిత్తులకు ముప్పు.. డాక్టర్ దగ్గర దాస్తే ప్రాణాలకే ప్రమాదం!

ద్వారకా తిరుమల: దగ్గు, జ్వరం, ఆయాసం.. చూస్తే మామూలు న్యుమోనియాలాగే ఉంటుంది. యాంటీబయాటిక్స్ వాడినా తగ్గదు. గంజాయి పొగ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతింటే ఇలాగే జరగొచ్చు. రోగి నోరు విప్పకపోతే డాక్టర్‌కు అసలు కారణం దొరకడం కష్టం.

అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ నుంచి తరలే గంజాయి ఏలూరు మీదుగా వెళ్లే హైవేపై, రైళ్లలో తరచూ పట్టుబడుతోంది. చిన్న తిరుపతి చుట్టుపక్కల ఊళ్లు ఈ దారికి దగ్గర్లోనే ఉన్నాయి. అందుకే ఇంట్లో కుర్రాళ్లున్న వాళ్లు ఈ విషయాలు తెలుసుకోవాలి.

లోపల ఏం జరుగుతుంది?

గంజాయి తాగేవాళ్లు పొగను లోతుగా పీల్చి, కాసేపు ఊపిరి బిగబడతారు. దీంతో వేడి పొగ, తారు చిన్న గాలి సంచుల దాకా వెళ్తాయి. అవి వాచి, నీరు చేరితే రక్తానికి ఆక్సిజన్ అందదు. కొందరిలో రక్తస్రావం కూడా అవుతుంది. ఊపిరి బిగబట్టినప్పుడు గాలి సంచి పగిలి, ఊపిరితిత్తి కుంచించుకుపోయే ప్రమాదమూ ఉంది.

వేప్‌లతో ఇంకా డేంజర్

2019లో అమెరికాలో వేపింగ్ వల్ల ఈ తరహా జబ్బు విజృంభించింది. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు నమోదయ్యాయి. బాధితుల్లో ఎక్కువ మంది గంజాయిలోని మత్తు పదార్థం టీహెచ్‌సీ ఉన్న వేప్‌లు వాడినవాళ్లే. వాటిలో కలిపిన విటమిన్ ఇ అసిటేట్‌కు ఈ జబ్బుతో గట్టి సంబంధం ఉందని తేలింది. మన దేశంలో 2019 నుంచే ఈ-సిగరెట్లపై నిషేధం ఉంది.

ఈ లక్షణాలుంటే ఆగొద్దు

ఆయాసం పెరగడం, ఛాతీ నొప్పి, కళ్లెలో రక్తం, పెదాలు నీలంగా మారడం, ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గడం.. వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయాలి. ఆస్పత్రిలో ఎక్స్‌రే, సీటీ స్కాన్ తీస్తారు. ఆక్సిజన్, అవసరమైతే స్టెరాయిడ్లు, వెంటిలేటర్‌తో చికిత్స చేస్తారు. అలవాటు మానకపోతే మళ్లీ మొదటికొస్తుంది.

కేసు అవుతుందని భయమా?

గంజాయి వాడకం నేరమే. అయితే వ్యసనానికి బానిసైనవాళ్లు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన కేంద్రంలో డీ-అడిక్షన్ చికిత్సకు వస్తే, వాడకం, కొద్దిపాటి గంజాయి కేసుల్లో ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 64ఏ మినహాయింపు ఇస్తోంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. మానాలనుకునేవాళ్లు కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కు కాల్ చేయొచ్చు. గంజాయి అమ్మకాలపై సమాచారం ఇవ్వాలంటే ఏపీ ఈగల్ విభాగం నంబర్ 1972.

తిట్టడం తర్వాత.. ముందు ఏం పీల్చాడో, ఎప్పుడు పీల్చాడో డాక్టర్‌కు చెప్పించండి.