డిస్కు జారినదా? కణితి పెరిగినదా?

నడుములో మొదలై, పిరుదు మీదుగా పాదం వరకు గుంజే నొప్పిని ‘శయాటికా’ అంటారు. పూర్వం ఈ బాధకు శస్త్రవైద్యులు వెన్నెముకను తెరచి చూచినప్పుడు, నాడిని ఒత్తుతున్న మృదులాస్థి ముక్క ఒకటి కనిపించేది. దానిని కణితి అనుకొని ‘కాండ్రోమా’ అని పేరు పెట్టేవారు.

అది డిస్కు నుండి ఊడివచ్చిన ముక్క కావచ్చునని 1929లో అమెరికా వైద్యుడు వాల్టర్ డాండీ వ్రాసినా, ఆ మాటను ఎక్కువమంది గమనించలేదు. 1932లో బోస్టన్ నగరంలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో విలియం మిక్స్‌టర్ ఒక రోగి వెన్నులోనుండి ఇట్టి ‘కణితి’నే తీసివేశాడు. సహచరుడైన జోసెఫ్ బార్ దానిని సూక్ష్మదర్శినిలో మామూలు డిస్కు పదార్థంతో పోల్చి చూడగా, రెండూ ఒక్కటే అని తేలింది. భద్రపరచిన పాత నమూనాలను తిరిగి పరీక్షిస్తే, వాటిలోనూ అనేకం డిస్కు ముక్కలే! ఈ సంగతిని వారిద్దరూ 1934లో ప్రకటించారు.

వెన్నుపూసల నడుమ మెత్తలవలె అమరిన డిస్కులు 23. ప్రతి డిస్కుకు చుట్టూ గట్టి నారల వలయం, నడుమ జిగురువంటి గుజ్జు ఉంటాయి. వలయం చిట్లితే గుజ్జు వెలికివచ్చి నాడిని ఒత్తుతుంది. కణితి కూడ అట్లే ఒత్తుతుంది. మరి ఈ రెంటినీ వేరుపరచడం ఎట్లు?

మొదటి ఆధారం రోగి చెప్పే మాట. డిస్కు నొప్పి సాధారణంగా వంగినప్పుడు, దగ్గినప్పుడు హెచ్చి, పడుకొంటే తగ్గుతుంది. చాలామందికి కొన్ని వారాలలో నెమ్మదిస్తుంది. కణితి నొప్పి తరచు విశ్రాంతిలోనూ వదలదు, రాత్రి నిద్రలేపుతుంది, నానాటికి పెరుగుతుంది. లోగడ కాన్సరు వచ్చినవారిలో, కారణం లేకుండా చిక్కిపోతున్నవారిలో అనుమానం బలపడాలి. అయితే ఈ లక్షణాలతోనే తీర్పు చెప్పరాదు.

రెండవ ఆధారం ఎం.ఆర్.ఐ. చిత్రం. మామూలు ఎక్స్‌రేలో డిస్కు కనబడదు. ఇందులో డిస్కు, నాడి, ఎముక మూడూ కనబడతాయి. రొమ్ము, ఊపిరితిత్తులు, ప్రోస్టేటు గ్రంథుల నుండి పాకిన కాన్సరు పూస ఎముకలో పెరుగుతుంది. ప్రక్కనున్న డిస్కు తరచు చెక్కుచెదరదు. గడోలినియం మందును రక్తంలోకి ఎక్కిస్తే కణితి చాలవరకు లోపలికూడ వెలుగుతుంది. డిస్కు ముక్కలో రక్తనాళాలు లేనందున సాధారణంగా దాని అంచు మాత్రమే వెలుగుతుంది. అప్పటికీ సందేహం మిగిలితే చిన్న ముక్క తీసి, బార్ చేసినట్లే, సూక్ష్మదర్శినిలో చూడవలసినదే.

కారణం ఏదైనా, కాళ్ళు బలహీనమైనా, మూత్రం నిలిచిపోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా ఆనాడే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆలస్యమైతే నలిగిన నాడులు తిరిగి కోలుకొనకపోవచ్చును.