వార్తల్లో పదం: 25 శాతం సీట్లు

విద్యాహక్కు చట్టం (2009) సెక్షన్ 12(1)(సి) ప్రకారం ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లు చుట్టుపక్కల పేద, దళిత, గిరిజన, తదితర వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 12న దీన్ని సమర్థించింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశాలు మాత్రం 2022-23లో గానీ మొదలుకాలేదు. అంత ఆలస్యం అన్యాయమే.

సీటు దొరికితే సరిపోదు. 2010 కేంద్ర నిబంధనల ప్రకారం ఈ పిల్లలను వేరే గదిలో, వేరే వేళల్లో కూర్చోబెట్టకూడదు. పుస్తకాలు, యూనిఫాం, లైబ్రరీ, ఆటల్లో తేడా చూపకూడదు. చట్టానికి ప్రాణం ఇదే. హాజరు వేస్తూ ‘ఫ్రీ సీటువాళ్లు లేవండి’ అంటే ఆరేళ్ల పిల్లకు అర్థం కాదనుకోకూడదు. అలాంటి తేడా కనిపిస్తే తల్లిదండ్రులు మండల విద్యాశాఖాధికారిని నిలదీయవచ్చు.