గజ్జల్లో బిళ్ల కట్టిందా? పాదం చూసుకోండి

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పట్టిందంటే ఒకటి రెండు రోజుల్లో గజ్జల్లో బిళ్ల కడుతుంది. మైపాడు, తుమ్మలపెంట తీరాన వల లాగేవారికీ, కోవూరు మాగాణుల్లో నాట్లు వేసేవారికీ ఇది తెలియనిది కాదు. ఏదో పట్టు వేసి ఊరుకుంటారు.

ఆ బిళ్ల కొత్తగా పుట్టుకొచ్చింది కాదు. ఎప్పుడూ అక్కడుండే లింఫు గ్రంథి. రక్తంలోంచి ఊరి కండల మధ్య చేరే నీటిని సన్నని నాళాలు మళ్లీ రక్తంలోకి చేరుస్తాయి. ఆ దారిలో గజ్జల్లో, చంకల్లో, మెడలో, కడుపులో ఈ గ్రంథులు కాపలా ఉంటాయి. పాదం నుంచి వచ్చే క్రిముల్ని అక్కడి తెల్లకణాలు అడ్డుకుంటాయి. ఆ పోరాటమే వాపు. చేతికి పుండైతే చంకలో, పన్ను పుచ్చితే దవడ కింద బిళ్ల కట్టేది ఇందుకే. గొంతులోని టాన్సిల్సు, ఎడమ డొక్కలోని ప్లీహం కూడా ఈ జాతివే.

కోస్తాలో ఈ నాళాలకు పెద్ద శత్రువు బోదకాలు పురుగు. మురుగు నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని మోసుకొస్తుంది. దారప్పోగులాంటి ఆ పురుగు లింఫు నాళాల్లోనే ఏళ్ల తరబడి కాపురం పెడుతుంది. కాలువ పూడితే పొలంలో నీరు నిలిచినట్లు కాలు ఉబ్బుతుంది. మగవారికి వరిబీజం వస్తుంది. పురుగు పిల్లలు రక్తంలోకి ఎక్కువగా రాత్రివేళే వస్తాయి. సిబ్బంది నిద్ర లేపి వేలికి సూది గుచ్చేది అందుకే గాని, మనల్ని సతాయించడానికి కాదు.

దీని మందు తెలుగువారి చలవే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో సాగించిన పరిశోధనల్లో 1947లో డి.ఇ.సి. బయటపడింది. వ్యాధి ఉన్న జిల్లాల్లో ఏడాదికోసారి అందరిచేత ఆ మాత్రలు మింగించే పని 2004లో పెద్ద ఎత్తున మొదలైంది. “నాకేం జబ్బని మింగాలి?” అని మాత్రల్ని గూట్లో పడేసేవారున్నారు. కాలు బాగున్నా ఒంట్లో పురుగు ఉండవచ్చు. వారి నుంచే దోమ ఇంకొకరికి అంటిస్తుంది. భోజనం చేశాకే మింగాలి. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, జబ్బు తీవ్రంగా ఉన్నవారికి ఇవ్వరు. మింగాక కాస్త జ్వరం, తలనొప్పి వచ్చిందంటే సాధారణంగా పురుగు పిల్లలు చస్తున్నాయన్నమాట.

ముదిరిన కాలు మాత్రలతో పాత రూపుకు రాదు. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడిచి, పడుకున్నప్పుడు కాలు ఎత్తుగా పెట్టుకుంటే మాటిమాటికీ వచ్చే జ్వరాలు తగ్గుతాయి. వరిబీజానికి ఆపరేషన్ ఉంది. పుండు లేకుండా కట్టిన బిళ్ల రెండు మూడు వారాలైనా కరగకపోతే క్షయ వగైరా కావచ్చు, ఆస్పత్రిలో చూపించుకోవాలి.