‘పూచు’ అను క్రియ

మన భాషలో పూవును గూర్చిన మాటలకు కొదువ లేదు. విరియు, విచ్చు, వికసించు, పుష్పించు అని ఎన్నియో కలవు. వ్యాసము వ్రాయవలసి వచ్చినప్పుడు మన విద్యార్థులు వీనిలో చివరి రెంటిని ఏఱికొని, ఇంటను చేనియందును దినమునకు పదిమార్లు వినబడు ‘పూచు’ అను చిన్న క్రియను విడిచిపెట్టుదురు. అది పల్లెమాట యని వారి భయము కాబోలు. ఆ భయమును కలిగించినవారిలో నేనును ఒకడను. ఆ సంగతి తరువాత చెప్పెదను.

మొదట వ్యాకరణము. పూచు అకర్మక క్రియ. మల్లె పూచెను, వేప పూచెను అందుము. పూయు అని మఱియొక క్రియ కలదు. దానికి అలముట, పట్టించుట అని అర్థము. గోడకు సున్నము పూసెను, గాయమునకు మందు పూసెను అందుము. భూతకాలమున ‘పూచెను’, ‘పూసెను’ అని భేదము స్పష్టముగనే యున్నది. వ్యతిరేకార్థమున మాత్రము రెండును ఒకే రూపమును పొందును: ఈ చెట్టు పూయదు, వాడు సున్నము పూయడు. నేటి వాడుకలో భూతకాలమందును భేదము చెరిగిపోయి ‘పూసింది’ అను నొక్కటే రెంటికిని చెల్లుచున్నది. రెంటినుండియు పుట్టిన నామము ‘పూత’. మామిడిపూతయు పూతయే, ఇత్తడి నగమీది బంగారుపూతయు పూతయే. ఒకటి లోపలినుండి వెలికి వచ్చునది, రెండవది వెలుపలినుండి పైకి అంటించునది. పరీక్షలో ఈ రెంటికిని సొంతవాక్యములు వ్రాయుమన్నచో తడబడువారు పలువురు.

పూవునకును పూతకును గల భేదము ఇంకను ముఖ్యమైనది. పూవు లెక్కకు వచ్చును, పూత లెక్కకు రాదు. బజారులో మూరెడు మల్లెపూలు కొందుము గాని మూరెడు మల్లెపూత కొనము. కోసి తలలో తుఱుముకొనునది పూవు. కోయక కొమ్మనే నిలువవలెనని కోరుకొనునది పూత. వేప యొక్కటి ఈ నియమమునకు చక్కగా లోబడదు. ఉగాది పచ్చడికి వేపపూతను దూసి తెత్తుము. వేపకాయపై ఆశ పెట్టుకొనువారు తక్కువ గదా! కావుననే పూత అను మాట వెంట ఎల్లప్పుడును మూడు క్రియలు తిరుగుచుండును: పూత పట్టినది, పూత నిలిచినది, పూత రాలినది. రైతు సంవత్సరమంతయు ఈ మూడు వాక్యములలో ఇముడును. మామిడి చెట్టు శీతకాలమున ఒక్కొక్క గుత్తికి వందలకొలది పూచినను, వానిలో నూటికి ఒకటియైనను పండువఱకు నిలువదు. ‘మూడు పూవులు ఆఱు కాయలు’ అని మనవారు దీవింతురు. పూవునకు రెండేసి కాయలు కాయుట ఏ తోటలోను ఎవరును చూడలేదు. కనుకనే అది దీవెన యైనది.

ఇక మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు పొలములకు పోదము. ఇచ్చట అన్ని పైరులును పూచునని అనరాదు. జొన్నచేనిని చూచి ‘పూచినది’ అన్నచో రైతు నవ్వును. జొన్న పొట్టకు వచ్చును, పిమ్మట ఈనును. ఆవు ఈనుటకును జొన్న ఈనుటకును మాట యొక్కటే. కంకిపై పొడివలె కనబడు దానిని సుంకు అందురు. అదియే జొన్నకు పూవు, గాని దానిని పూవని పిలువరు. ఈ భేదము ఏ పంతులును నేర్పినది కాదు. గింజను తినెడి పైరునకు పశువు మాట, కాయను కోసెడి పైరునకు చెట్టు మాట చెప్పుకొన్నారని నా యూహ.

వేరుశనగ పసుపు రంగున పూచును. విత్తిన ఇంచుమించు నెల దినములకే పూత కనబడును. పూవు వాడిన తరువాత దాని మొదటినుండి సన్నని ఊడ యొకటి బయలుదేఱి నేలలోనికి దిగును; ఆ ఊడ కొననే కాయ తయారగును. పైన పూచి క్రింద కాచు పైరు ఇది. పూత వచ్చిన వేళ నేల గట్టిపడియున్నచో ఊడ దిగదు. అందుచేత వేరుశనగ రైతు పూత చూచి తృప్తిపడడు, ‘ఊడ దిగినదా?’ అని అడుగును.

పత్తికి మొదట వచ్చునది గూడ. మొగ్గను మూడు ఆకులవంటి రేకులు కప్పియుండును; దానికే ఆ పేరు. నేడు ఎక్కువగా వేయు అమెరికా జాతి పత్తిపూవు ఉదయమున లేతపసుపు కలిసిన తెలుపు, మఱునాటికి గులాబి రంగు, ఆపై ఎఱ్ఱబడి రాలును. పూర్వపు దేశవాళి పత్తిపూవు పసుపుపచ్చనిది, అడుగున ఊదామచ్చ గలది. బళ్లారి, అనంతపురము, కర్నూలు సీమల ఆ పత్తిని మదరాసు వర్తకులు ‘వెస్టర్న్స్’ అని పిలిచెడివారు. పూచిన సుమారు ఏబది దినములకు కాయ పగులును. ఆదోని మార్కెట్టులో తెల్లని రాసులను చూచిన పట్టణవాసులు దానినే పత్తిపూవు అనుకొందురు. అది పూవు కాదు, విచ్చిన కాయలోని విత్తనమునకు గల నూగు. ఆ నూగే నూలై, ఎమ్మిగనూరు మగ్గముల వీథులకు చేరును. అచ్చట 1938లో మాచాని సోమప్పగారు నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించిరి. నేయుటకు ముందు పడుగునకు గంజి పూయుదురు. చేనిలో ‘పూచిన’ది వీథిలో ‘పూయ’బడుచున్నది.

పత్తి తాను వేసిన గూడలో, పూతలో సగమునకు మించి సహజముగనే రాల్చుకొనును. అది రైతునకు తెలియును. వాన తప్పినను, ముసురు పట్టి విడువకున్నను మిగిలినదియు రాలును. అప్పుడే అతడు ‘పూత రాలినది’ అనును.

కొన్ని సంవత్సరముల క్రిందట ఎనిమిదవ తరగతి బాలుడొకడు ‘మా యిల్లు’ అను వ్యాసమున ‘ఈ యేడు మా చేని పూత రాలెను’ అని వ్రాసెను. నేను ఎఱ్ఱసిరాతో ‘పూత’ను కొట్టివేసి ‘పుష్పములు’ అని దిద్ది, ప్రక్కన ‘శైలి గంభీరముగా నుండవలెను’ అని హితవు వ్రాసితిని. ఆ తరువాత పది దినములు బాలుడు బడికి రాలేదు. పదునొకండవ దినమున తండ్రి వచ్చి, పెట్టె తీసికొనిపోవుటకు సెలవడిగెను. కారణ మడుగగా, ‘పూతంతా రాలిపాయ సారూ. హాస్టలు దుడ్డు కట్టేదెట్ల?’ అనెను. బాలుడు నాకు ముందుగనే చెప్పియున్నాడు. నేను దానిని భాషాదోషమని దిద్దితిని. రుసుమునకు వేరుశనగ పెఱికువఱకు గడువు దొరకినది. బాలుడు మరల వచ్చి కూర్చుండెను. ఆ పుస్తకమును అడిగి తీసికొని నా దిద్దుబాటును నేనే కొట్టివేసితిని. ఉపాధ్యాయ శిక్షణలో పర్యాయపదములు నేర్చితిని గాని, ఒక పదమునకు పర్యాయము లేకుండుట యెట్టిదో ఆనాడు తెలిసినది. హబక్కూకు ప్రవక్త కఱవును వర్ణించుచు, పండ్లు పోవుటకంటె ముందు అంజూరము పూయకపోవుటనే చెప్పుట గూడ అప్పటినుండి నాకు వేఱుగా వినబడుచున్నది.

ఒక్క మాట మిగిలినది. ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1 వఱకు బళ్లారి జిల్లాలోనిది. నేటికిని మన విద్యార్థులలో కన్నడము మాటలాడు ఇండ్లవారు కలరు. మన పాలు వారికి హాలు, మన పులి వారికి హులి, మన పూవు వారికి హూవు. పాతకన్నడమున అదియు ‘పూ’యే, తరువాతి కాలమున పకారము హకారమైనది. ఉర్దూవారి ‘ఫూల్’ మాత్రము మన పూవునకు చుట్టము కాదు, సంస్కృతపు ‘ఫుల్ల’ శబ్దమునకు దగ్గఱిది. తెలుగున పైరు పూత ‘పట్టును’. కన్నడమున గిడము హూ ‘బిడును’, అనగా విడుచును. ఇరుగుపొరుగు చేలలో ఒకే పత్తి, ఒకరికి పట్టుట, ఒకరికి విడుచుట! గూడకు, ఊడకు, సుంకునకు కన్నడపు ఇండ్లలోను ఉర్దూ ఇండ్లలోను ఏమందురో పిల్లలు తమ పెద్దలనడిగి వ్రాసి తెచ్చినచో వచ్చే సంవత్సరపు సంచికలో అచ్చు వేయింతుము.