మేలుకొనని యంత్రము

ఇల్లు నడుపు స్త్రీకి ఏ వస్తువు ఎక్కడ చెడినదో కనిపెట్టు నేర్పు సహజముగనే అలవడును. పొయ్యి మండనిచో గ్యాసు అయిపోయినదా, గొట్టము మడతపడినదా, బర్నరు రంధ్రములలో పొంగిన పాలు పేరుకొన్నవా యని ఒకదాని తరువాత నొకటిగా చూతుమే గాని, పొయ్యిని పెరటిలో పారవేయము. అట్టి మనమే కంప్యూటరు తెర వెలుగకున్న తోడనే చేతులు ముడుచుకొని, “ఇది మనకు తెలియు పని కాదు, పట్టణమునకు పంపవలసినదే” యని కూర్చుందుము. ఈ భయము వలన మా యింట జరిగిన నష్టమును, అది మాకు నేర్పిన పాఠమును సోదరీమణులకు విన్నవింపదలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది నల్లగొండ జిల్లాలోని వేములపల్లి. నల్లగొండ నుండి మిర్యాలగూడకు పోవు త్రోవలో, నాగార్జునసాగరు ఎడమ కాలువ నీటితో వరి పండు సీమ. మా యింటి కంప్యూటరులో మహిళా సంఘపు పొదుపు లెక్కలును, పిల్లల చదువు కాగితములును, వడ్ల అమ్మకపు చీటీల నకళ్లును ఉండెడివి. వీనికంటె విలువగలది మరియొకటి యుండెను. మా అత్తగారు కాలము చేయుటకు ముందు పాడిన పెండ్లిపాటలును మంగళహారతులును మొత్తము 23. మా ఆడుబిడ్డ వానిని తన ఫోనులో పట్టి, ఆ ఫోను పాడగుటకు ముందు కంప్యూటరులోనికి ఎక్కించినది. ఆమె పోయిన తరువాత, ఇంట శుభకార్యము వచ్చినపుడు ఆ కంఠము వినిన పిదపనే పందిరి గుంజ నాటుట మాకు ఆచారమయ్యెను.

ఒక వేసవి యుదయమున మీట నొక్కగా పంకా తిరిగెను, కంపెనీ గుర్తు కనబడెను, చుక్కలు గుండ్రముగ తిరిగెను. అంతలో నీలితెర వచ్చి, యంత్రము తనంతట తానే ఆరి, మరల మొదలిడెను. పది మారులు ఇట్లే జరిగెను. మేము గాబరాపడి దానిని మూటగట్టి దూరపు పట్టణమున నొక దుకాణమునకు పంపితిమి. సాయంకాలమునకు యంత్రము చక్కగా మేలుకొనినది. కాని దానిలో ఏమియు లేదు. బాగుచేసిన పిల్లవాడు లోపమును వెదకక, అంతయు తుడిచి క్రొత్తగా నింపినాడు. “లోపలివి కావలెనని మీరు చెప్పలేదు గదా అమ్మా” అనెను. నిజమే, మేము చెప్పలేదు. చెప్పవలెనని మాకు తెలియదు. లెక్కలను చీటీలనుండి మరల వ్రాసికొంటిమి. పాటలు మాత్రము తిరిగి రాలేదు.

అప్పటినుండి మేము కష్టపడి నేర్చుకొన్న మొదటి సంగతి యిది: యంత్రము వేరు, దానిలోని సరకు వేరు. గాదె తలుపు బిగుసుకొన్నంత మాత్రమున గాదెలోని వడ్లు పోవు. తెర వెలుగనపుడు కూడ మన కాగితములు, చిత్రములు, పాటలు డిస్కులో భద్రముగ నుండుటయే తరచు. వానిని పోగొట్టునది రోగము కాదు, తొందరపడి చేసిన వైద్యము.

రెండవ సంగతి: యంత్రము ఎక్కడ ఆగినదో అదియే లోపము జాడ చెప్పును. పూర్తిగ మేలుకొనుటకు అది నాలుగు మెట్లెక్కవలెను. ఏ మెట్టు మీద ఆగినదో గుర్తించినచో సగము పని అయినట్లే.

మొదటి మెట్టు విద్యుత్తు. మీట నొక్కినను దీపము లేదు, పంకా లేదు అన్నచో తప్పు లోపల నుండకపోవచ్చును. గోడ ప్లగ్గులో మరియొక దీపము పెట్టి చూడుడు. త్రాడు రెండు చివరలను గట్టిగ నొక్కుడు. మన పల్లెలలో కరెంటు పోవుచు వచ్చుచుండుటచేత యూపీఎస్ బ్యాటరీ ముందుగ అలసిపోవును. దానిని తప్పించి నేరుగ గోడకు తగిలించి చూడుడు. ల్యాపుటాపు అయినచో ఛార్జరు తీసివేసి, మీటను అర నిమిషము ఒత్తిపట్టి వదలి, మరల ఛార్జరు పెట్టి ప్రయత్నింపుడు. లోపల నిలిచిన విద్యుత్తు వలన బిగుసుకొన్న యంత్రము దీనితో తేరుకొనవచ్చును.

రెండవ మెట్టు తనిఖీ. విద్యుత్తు అందిన తోడనే యంత్రము తన యవయవములను తానే పరీక్షించుకొనును. పంకా తిరుగుచు తెర నల్లగ నుండిపోయినను, కీచుమని కూతలు వినబడినను ఇచ్చట ఆగినదని యర్థము. ఆ కూతలు లెక్కపెట్టి వ్రాసికొనుడు; ఎన్ని కూతలకు ఏ లోపమో యంత్రముతో వచ్చిన పుస్తకములో నుండును. సామాన్యముగ మెమొరీ పలక కదలుటయే కారణము. పెద్ద పెట్టె కంప్యూటరు అయినచో త్రాడు పూర్తిగ తీసి, పెట్టె యినుమును ఒకసారి ముట్టుకొని, ఆ పలకను వెలికిదీసి దాని పసుపుపచ్చని అంచును పెన్సిలు రబ్బరుతో మెల్లగ తుడిచి, టక్కున శబ్దమగువరకు తిరిగి నొక్కవలెను. గడియారము ఏండ్లు వెనుకకు పోయి, ప్రతి దినము తేదీ అడుగుచున్నచో లోపలి నాణెము వంటి చిన్న బ్యాటరీ అయిపోయినది. సీఆర్ 2032 అని అడిగినచో గడియారపు దుకాణములో సయితము దొరకును.

మూడవ మెట్టు డిస్కును వెదకుట. కంపెనీ గుర్తు కనబడి, ఆ పైన “బూట్ డివైస్ లేదు” అను భావము గల ఆంగ్ల వాక్యము వచ్చినచో మొట్టమొదట పెన్‌డ్రైవు ఏదైన తగిలించి మరచితిమేమో చూడుడు. యంత్రము ఆ పెన్‌డ్రైవులో ప్రాణము వెదకి, లేదని ఆగిపోవుట కలదు. అది కానిచో చెవి యొగ్గి వినుడు. డిస్కు టిక్కుటిక్కుమని కొట్టుకొనుచున్నచో వెంటనే ఆపివేయుడు. అట్టి డిస్కును త్రిప్పిన కొలది లోపలి సరకు గీచుకొని పోవును. అపుడు మనము చేయదగినది ఏమియు చేయకుండుటయే.

నాలుగవ మెట్టు విండోస్ లేచుట. చుక్కలు తిరిగి, నీలితెర వచ్చి, మరల మొదటికి పోవుట ఇచ్చటి రోగము. 2025 నుండి క్రొత్త విండోస్‌లో ఆ తెర నలుపు రంగున వచ్చుచున్నది; రంగు మారినను అర్థము మారలేదు. ఆ తెరపై “స్టాప్ కోడ్” అని యొక మాట యుండును. ఫోనుతో దానిని ఫొటో తీసికొనుడు. వైద్యునకు జ్వరపు లెక్క యెంతయో, మరమ్మతు చేయువానికి ఆ మాట అంత.

ఈ నాలుగవ మెట్టు విషయమున లోకమంతయు ఒక్కనాడే పాఠము చదివినది. 2024 జూలై 19, శుక్రవారము నాడు అమెరికాలోని క్రౌడ్‌స్ట్రయిక్ అను సంస్థ, యంత్రములకు కాపలా కాయు తన ప్రోగ్రామునకు ఒక చిన్న సవరణ ఫైలును దేశదేశములకు పంపెను. అందు తప్పు దొర్లినది. ఆ ఫైలు అందుకొన్న విండోస్ యంత్రములు నీలితెర చూపి ఆగి, మరల లేచి, మరల ఆగినవి. అట్టివి 85 లక్షలని మైక్రోసాఫ్టు వారు అంచనా వేసిరి. విమానములు నిలిచినవి, ఆసుపత్రులును బ్యాంకులును తడబడినవి. మన హైదరాబాదు శంషాబాదు విమానాశ్రయములో ప్రయాణికులకు కలముతో వ్రాసిన బోర్డింగు పాసులు ఇయ్యవలసి వచ్చెను. ఆ సంస్థ 78 నిమిషములలోనే చెడు ఫైలును వెనుకకు తీసికొనెను. కాని అప్పటికే పడిపోయిన యంత్రము లేవనిదే మందు నెట్లు పుచ్చుకొనును? కావున పెక్కు చోట్ల మనుష్యులే ఒక్కొక్క యంత్రము ముందు కూర్చుండి, దానిని “సేఫ్ మోడ్” అను మితమైన స్థితిలో తెరచి, ఆ యొక్క ఫైలును తొలగించి లేవనెత్తిరి.

సోదరీమణులు ఇందు గమనింపవలసినది యేమన, ఆ దినమున పెక్కు చోట్ల యంత్రమును తుడిచి పారవేయుటతో మొదలిడలేదు. అడ్డుపడిన రాయి ఏదో కనుగొని, దానినే తీసిరి. మన యింటి యంత్రమునకు మాత్రము అంతపాటి మర్యాద యేల దక్కరాదు?

సేఫ్ మోడ్‌లోనికి పోవు త్రోవ కష్టము కాదు. చుక్కలు తిరుగుచుండగా మీటను ఒత్తిపట్టి ఆర్పుడు. ఇట్లు రెండు మూడు మారులు చేసినచో యంత్రము తానే “రికవరీ” పుటను చూపును. అందు “ట్రబుల్‌షూట్”, తరువాత “అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్” ఎన్నుకొనుడు. మొదట “స్టార్టప్ రిపేర్” ను ప్రయత్నింపుడు. అది ఫలింపనిచో “స్టార్టప్ సెట్టింగ్స్” నొక్కి, “రీస్టార్ట్” అని, వచ్చిన పట్టికలో 4 అంకె నొక్కిన సేఫ్ మోడ్ తెరచుకొనును. కొన్ని యంత్రములు ఈ నడుమ 48 అంకెల తాళపు సంఖ్య నడుగును. అది మీ మైక్రోసాఫ్టు ఖాతాలో నుండవచ్చును. యంత్రము బాగున్న నాడే వెదకి యింటి పద్దుల పుస్తకములో వ్రాసి యుంచుకొనుడు. ఆ పుటలలోనే “రీసెట్ దిస్ పీసీ” అను మాట యొకటి కనబడును. అందు “రిమూవ్ ఎవ్రీథింగ్” అనునది అంతయు తుడుచును. సరకు భద్రమగువరకు దాని జోలికి పోరాదు.

ఇక కొన్ని దినములకే మాకు పరీక్ష వచ్చెను. సంఘము పనికై క్రొత్త ప్రింటరు తెచ్చి తగిలించిన మరునాడు, మా కంప్యూటరు తిరిగి ఆ నీలితెరనే చూపినది. అదే పంకా, అదే గుర్తు, అవే చుక్కలు. బ్యాంకు వారికి లెక్కలు చూపవలసిన గడువు మరునాడే. ఈసారి మూటగట్టలేదు. నీలితెరను ఫొటో తీసికొంటిమి. ప్రింటరు త్రాడు లాగివేసితిమి, అయినను లేవలేదు. పైన చెప్పిన త్రోవన సేఫ్ మోడ్‌లోనికి పోయితిమి. చిత్రములు పెద్దవై, రంగులు వెలిసి, తెర వింతగ నుండెను గాని మా కాగితములన్నియు అందే యుండెను. మొదట పెన్‌డ్రైవులోనికి లెక్కలన్నిటిని ఎత్తుకొంటిమి. పిదప “డివైస్ మేనేజరు” అను పుటలో ఆ ప్రింటరు పేరు వెదకి, దానిని తొలగించి, మామూలుగ తిరిగి తెరచితిమి. యంత్రము లేచినది. అప్పటికి పొయ్యి మీది అన్నము ఇంకను ఉడుకుపట్టలేదు.

ఇంటిల్లిపాది సంతసించిరి. మా ఆడుబిడ్డ మాత్రము తెర వైపు చూచుచు చాలసేపు మాటాడలేదు. తుదకు, “వదినా, ఆనాడు కూడ ఇంతియే అయి యుండునా?” అని యడిగెను. మేమేమి బదులు చెప్పగలము? అయి యుండవచ్చును.

కావున సోదరీమణులు ఈ కొలది జాగ్రత్తలను మరువరాదు. పోయినచో తిరిగి రానివానిని రెండు చోట్ల దాచుడు. ఒక ప్రతి ఇంట, మరియొకటి పుట్టినింటనో, బిడ్డ యింటనో. నెలకొక దినము, పండుగ సరకుల పట్టీ వ్రాయునట్లే, దీనికి నియమించుకొనుడు. మా మిర్యాలగూడ చుట్టుపట్ల బియ్యపు మిల్లులు పెక్కు. తవుడు ధూళి గాలిలో తేలుచుండును. అది పంకాలో పేరుకొన్నచో వేడి పోవు త్రోవ లేక, లేచిన కొలది నిమిషములకే యంత్రము ఆగును. ఆరు నెలలకొకసారి త్రాడు తీసి, పంకా రెక్కను వ్రేలితో ఆపి, మెత్తని కుంచెతో దులుపుడు. క్రొత్తగా ఏ వస్తువు తగిలించితిరో, ఏ ప్రోగ్రాము చేర్చితిరో తేదీతో వ్రాసియుంచుడు. రోగము వచ్చిననాడు తొలి యనుమానము దాని మీదనే.

అయినను దుకాణమునకు పంపవలసిన దినము వచ్చును. అపుడు ఒక చీటీ వ్రాసి యంత్రమునకు అంటింపుడు: “లోపలి సరకు మాకు కావలెను. అడుగక తుడువరాదు.” ఏ మెట్టు మీద ఆగినదో, తెర మీద ఏ మాట వచ్చినదో క్రింద చేర్పుడు. డిస్కును విప్పి మరియొక యంత్రమునకు తగిలించి లోపలివానిని ఎత్తుట నేర్చినవానికి తెలిసిన పనియే. కావలెనని మనము చెప్పవలెను.

ఇది స్త్రీలకు అబ్బు విద్యయా యని సందేహించువారుందురు. 1946లో అమెరికాలో లోకమునకు చూపబడిన ఎనియాక్ అను తొలినాటి కంప్యూటరునకు లెక్కల క్రమము కూర్చినవారు ఆరుగురు స్త్రీలు: కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సెస్ బైలాస్, రూత్ లిక్టర్‌మన్. సుమారు 18 వేల గాజు గొట్టములు గల ఆ గది వంటి యంత్రమును వారు పటములు చూచి తెలిసికొని, ఆగినపుడు చెడినది ఏ గొట్టమో చూపగలుగునంతటి నేర్పు సంపాదించిరి. మన యెదుట నున్నది నాలుగు మెట్లే.

మా యింటిలో ఇపుడు అత్తగారి పాటలు లేవు. కాని వానిలో మాకు గుర్తున్నంతవరకు మేమును, మా ఆడుబిడ్డయు కూర్చుండి పాడి, తిరిగి పట్టుచున్నాము. ఇప్పటికి తొమ్మిదియైనవి. రెండు చోట్ల దాచితిమి.